కట్టె వరకే: రెండు పాత సైనిక తుపాకుల కొయ్యపని డైరీ, బెంగళూరు

జనవరి, సంక్రాంతి వెళ్లాక

ఈ డైరీలో రాయబోయేది రెండు పాత సైనిక తుపాకుల కొయ్యభాగాల గురించి మాత్రమే. మొదటిది 1853 నమూనా ఎన్‌ఫీల్డ్. 39 అంగుళాల గొట్టం, దాన్ని కట్టెకు పట్టి ఉంచే మూడు ఇనుప పట్టీలు, మూతి దగ్గర నుంచి మడమ (భుజానికి ఆనే వెనుక భాగం) దాకా ఒకే కొయ్యలో తొలిచిన పొడవాటి కట్టె దీని లక్షణాలు. లాక్ (పేల్చే యంత్రాంగం) పలక మీద కిరీటం గుర్తు, 'టవర్' అనే మాట, 1861 అనే సంవత్సరం ఇంకా చదవడానికి వీలుగా ఉన్నాయి. 1857లో కొవ్వు పూసిన తూటాల వివాదం రేగింది ఈ నమూనా తుపాకీ తూటాల గురించే కనుక మన చరిత్రలో దీనికి ప్రత్యేకమైన చోటు ఉంది. రెండోది ఇషాపూర్ కర్మాగారంలో 1942లో తయారైన పొట్టి లీ-ఎన్‌ఫీల్డ్, అంటే మనవాళ్లు 'త్రీ నాట్ త్రీ' అని పిలుచుకున్న తుపాకీ. 1962లో హిమాలయాల్లో పోరాడిన మన జవాన్లలో ఎక్కువమంది భుజాన ఉన్నది ఇదే.

రెండూ అల్సూరు వైపున్న ఒక మాజీ సైనికుల సంఘం హాలులో, అద్దాల బీరువాలో ఉంటున్నాయి. వాటి బాగోగులు చూసేది సైన్యపు ఇంజనీరింగ్ దళమైన మద్రాస్ శాపర్స్‌లో పనిచేసి రిటైరైన ఒక సుబేదారు గారు. ఆయనది చిత్తూరు జిల్లా, వయసు ఎనభై దాటింది. నేను ఇంట్లో పాత కుర్చీలు, వీణ పెట్టెలు బాగుచేస్తానని విని, "బాబూ, ఈ కట్టెలను కూడా ఒకసారి చూసిపెట్టు, దసరాకి ఆయుధపూజలో అందరికీ చూపించాలి" అని అడిగారు.

పని మొదలుపెట్టక ముందే చట్టం సంగతి తేల్చుకున్నాము. మరమ్మతు చేసినా చేయకపోయినా తుపాకీగా పనిచేయడానికి వీలులేని పాత నమూనా ఆయుధాలకు 1959 ఆయుధ చట్టంలోని 45వ సెక్షన్ మినహాయింపు ఇస్తుంది. ఎన్‌ఫీల్డ్ గొట్టంలో ఎప్పుడో సీసం పోసి మూసివేశారు. త్రీ నాట్ త్రీ డ్రిల్లు కోసం మార్చినది, దాని గొట్టానికి వెల్డింగ్ చేసి, మందుగుండు గది గోడకు రంధ్రం పెట్టారు, పేల్చే సూది తీసివేశారు. రెండింటికీ సంబంధించిన కాగితాలు సంఘం దగ్గర ఉన్నాయి. అయినా ఇనుప భాగాలు హాలు దాటి బయటికి రాకూడదనీ, కట్టెలు మాత్రమే మా ఇంటికి రావాలనీ, గాడులు సరిచూడవలసి వచ్చినప్పుడు నేనే హాలుకు వెళ్లాలనీ సుబేదారు గారితో ముందే అనుకున్నాము. తాతల నాటి తుపాకీ ఇంట్లో ఉన్నవారెవరైనా ఉలి పట్టుకునే ముందు దాని హోదాను పోలీసుల నుంచి రాతపూర్వకంగా తేల్చుకోవాలని నా గట్టి సలహా. నూరేళ్లు నిండిన వస్తువు 1972 నాటి పురావస్తు చట్టం కిందికి వస్తుందనీ, దాన్ని సొంతంగా విదేశాలకు పంపడం కుదరదనీ కూడా గుర్తుంచుకోవాలి.

జనవరి చివరి వారం

విప్పడమే ఈ పనిలో అత్యంత ప్రమాదకరమైన ఘట్టం. పాత తుపాకీ కట్టెలకు కనిపించే పగుళ్లలో చాలావరకు యుద్ధంలో వచ్చినవి కావు, ఆ తరువాత ఎవరో తొందరపడి విప్పినప్పుడు వచ్చినవి.

ఎన్‌ఫీల్డ్ లాక్‌ను కట్టెకు పట్టి ఉంచేవి ఎడమవైపు నుంచి వచ్చే రెండు పొడవాటి స్క్రూలు. లాక్ పలక అంచు కింద స్క్రూడ్రైవరు దూర్చి పైకి లేపితే, నూటఅరవై ఏళ్లుగా ఇనుమును అంటిపెట్టుకుని ఉన్న కొయ్య అంచు పెచ్చులుగా లేచి వస్తుంది. అందుకని లాక్‌లో భాగమైన, పేలుడు టోపీని కొట్టే సుత్తిని సగం ఎత్తులో నిలిపి, రెండు స్క్రూలనూ కొన్ని చుట్లు మాత్రమే వదులు చేసి, వాటి తలల మీద కొయ్యసుత్తితో ఒకదాని తరువాత ఒకటిగా మెల్లగా తట్టాను. పలక రెండు చివరలా సమానంగా జరిగి బయటికి వచ్చింది. మూడు పట్టీలకూ కింద బిగింపు స్క్రూలు ఉన్నాయి. వాటిని వదులు చేసి, పట్టీలను ముందుకు జరిపి తీసి, గొట్టం వెనుక తోక మీది స్క్రూను విప్పాక, తుపాకీని తలకిందులుగా పట్టుకుని గొట్టం మొత్తం ఒకేసారి గాడిలోంచి దిగేలా చూశాము. మూతి వైపు నుంచి ఎత్తితే వెనుక తోక చుట్టూ ఉన్న పలుచని కొయ్య చిట్లుతుంది.

త్రీ నాట్ త్రీ కట్టె రెండు ముక్కలు: వెనుక మడమ, ముందు పొడవాటి ముందుకట్టె. మడమను పట్టి ఉంచే పొడవాటి బోల్టు, ఇత్తడి మడమ తొడుగుకున్న చిన్న తలుపు తెరిస్తే లోపల కనిపిస్తుంది. మొదట దాన్నే తిప్పాలని ఎవరికైనా అనిపిస్తుంది, కానీ అలా తిప్పకూడదు. ఆ బోల్టు ముందు కొస చతురస్రంగా ఉండి, ముందుకట్టె వెనుక చివర అమర్చిన చిన్న ఇనుప పలకలో ఇరుక్కుని ఉంటుంది. ముందుకట్టె తీయకుండా బోల్టు తిప్పితే ఆ పలక కూడా తిరిగి కొయ్యను చీల్చేస్తుంది. కనుక ముందు మూతి తొడుగు, పట్టీలు, పై హ్యాండ్‌గార్డులు (గొట్టాన్ని పైనుంచి కప్పే కొయ్య తొడుగులు), ట్రిగ్గర్ గార్డ్ స్క్రూలు, ఆ తరువాత ముందుకట్టె, అన్నిటికంటే చివర బోల్టు. ఈ వరుసను సుబేదారు గారు నేను చెప్పకముందే చెప్పారు. రంగరూటు రోజుల్లో ఉస్తాదులు ఈ ఒక్క విషయంలో ఎవరినీ క్షమించేవారు కారట.

ఫిబ్రవరి

కట్టెలు ఇంటికి వచ్చాయి. వెనుక వరండాలో నీడన, నేలకు తగలకుండా మెత్తటి గుడ్డ చుట్టిన బల్ల మీద పెట్టాను. ఏ పనీ చేయకుండా ముందు చూడటానికే ఎక్కువ సమయం తీసుకున్నాను, ఎందుకంటే మొదట చేయి పడిన తరువాత మొదటి స్థితి ఇక తిరిగి రాదు.

ఎన్‌ఫీల్డ్ కట్టె అక్రోటు కలప. భూతద్దంలో అడ్డకోత వైపు చూస్తే రంధ్రాలు ఏడాది పొర మొదట్లో కొంచెం పెద్దవిగా ఉండి, చివరికి వచ్చేసరికి క్రమంగా చిన్నవవుతాయి. టేకులో అయితే పొర మొదట్లోనే పెద్ద రంధ్రాలు వరుసగా గీత గీసినట్టు కనబడతాయి. సందేహం ఉన్నవారికి మల్లేశ్వరంలో కలప శాస్త్ర, సాంకేతిక సంస్థ ఉంది. దీని విషయంలో నాకు సందేహం కలగలేదు.

దెబ్బలు ఇవి. చేతి పట్టు దగ్గర సన్నబడే మెడలో, తోక స్క్రూ నుంచి వెనక్కు ఏటవాలుగా పోయే పగులు ఉంది. పేలుడు టోపీ (మందును అంటించే చిన్న లోహపు మూత) పేలే చోటికి వెనుక, లాక్ పై అంచున కొయ్య కాలి, నల్లబడి, గోరంత మేర కరిగిపోయింది. ఆ రోజుల్లో పేలుడు టోపీలలో వాడిన పాదరస ఫల్మినేటు, పొటాషియం క్లోరేటు మిశ్రమం ప్రతిసారీ వేడి వాయువును, తేమను లాగే లవణాన్ని అక్కడే వదిలేది. అందువల్ల ఈ తరం తుపాకులన్నిటిలో ముందుగా తినిపోయేది ఆ చోటే. మడమ కింది మూల విరిగి పోయింది, నార అక్కడ అడ్డంగా తెగి పొట్టిగా ఉంటుంది కనుక నేల మీద గట్టిగా ఆనించినప్పుడు విరిగేది కూడా ఆ మూలే. మధ్య పట్టీకీ పై పట్టీకీ నడుమ తూటాను గొట్టంలోకి కూరే కడ్డీ ఉండే గాడి అంచున ఒక పొడవాటి పెళ్ల లేదు. మడమలో లేత కలప ఉన్న వైపు పుచ్చు రంధ్రాలు ఉన్నాయి. వీటన్నిటి మీదా ఎవరో ఎప్పుడో మెరిసే లక్క పాలిష్ దట్టంగా పూసి, మెడ పగులులో రెండు ముద్దలు కలిపి పూసే రకం పుట్టీ నింపారు.

అయితే దెబ్బలకంటే ముఖ్యమైనవి ముద్రలు. మడమ కుడివైపు గుండ్రటి ముద్ర ఒకటి మసకగా మిగిలింది. దానికి పైన ఆయుధాగారంలో వరుస సంఖ్య కాబోలు, చేత్తో కొట్టిన అంకెలు ఉన్నాయి. గొట్టం తీశాక గాడి అడుగున కట్టె చెక్కిన పనివాడి పొడి అక్షరాలు కనిపించాయి, వాటిపై ఇన్నేళ్లుగా వెలుగు పడకపోవడంతో అవి నిన్న కొట్టినంత పదునుగా ఉన్నాయి. త్రీ నాట్ త్రీ మడమ మీద కూడా తనిఖీ ముద్రలు వరుసగా ఉన్నాయి. ఈ ముద్రలు ఒక మిల్లీమీటరు లోతు కూడా ఉండవు. ఉప్పుకాగితం పట్టుకుని పావుగంట రుద్దితే కట్టె కొత్తగా మెరుస్తుంది, కానీ అది ఎక్కడ పుట్టిందో, ఎవరి చేతుల్లో నడిచిందో చెప్పే సాక్ష్యం అంతా పొడిగా రాలిపోతుంది. లాక్ పలక చుట్టూ ఇనుముకంటే కొయ్య కిందికి దిగిపోయి కనిపించే తుపాకులను నేను అమ్మకందారుల దగ్గర చాలా చూశాను. అవన్నీ రుద్దుడు వల్ల పాడైనవే. అందుకని ఈ పని మొత్తానికీ ఒక్క నియమం పెట్టుకున్నాను: పాత ఉపరితలం మీద ఉప్పుకాగితం తగలదు, గరుకు పని ఏదైనా కొత్తగా అతికిన ముక్క మీద మాత్రమే జరగాలి, వాడే జిగురు రేపు ఇంకొకరు విప్పుకోగలిగేదిగా ఉండాలి.

మార్చి, ఎండలు మొదలయ్యాక

పైపూతను ముందు మడమ కింద కనిపించని చోట పరీక్షించాను. స్పిరిట్‌లో ముంచిన దూది ఒక నిమిషం ఆనించగానే పూత జిగటగా కరిగింది, అంటే అది లక్కే. పాలిష్ స్పిరిట్, పాత నూలు బనియను గుడ్డ, ఓపిక ఈ మూడింటితోనే పూత అంతా వచ్చింది. గుడ్డ ముద్దను తరచుగా మార్చకపోతే కరిగిన లక్క మళ్లీ ముద్రల గుంటల్లోకే చేరుతుంది. పుట్టీని వేడి గాలితో మెత్తబరిచి, వెదురు పుల్లతో కొద్దికొద్దిగా గీరి తీశాను. లోహపు పనిముట్టు పగులు పెదవులను కోసేస్తుంది, పెదవులు కోసుకుపోతే అవి మళ్లీ గీత కూడా కనబడకుండా కలవవు.

త్రీ నాట్ త్రీ ముందుకట్టె సమస్య వేరు. దశాబ్దాలుగా ఇనుము మీద పూసిన ఖనిజ నూనె వెనుక భాగంలోకి ఇంకి, కొయ్య నల్లగా, గోటితో నొక్కితే దిగేంత మెత్తగా అయింది. నూనె ఉన్న కొయ్యను ఏ జిగురూ పట్టదు. మెత్తటి సుద్దపొడిని ఆసిటోన్‌తో ముద్దగా కలిపి, ఆ భాగం మీద వేలు మందాన పట్టించి, ఎండలో ఆరబెట్టాను. ద్రావకం ఆవిరయ్యే క్రమంలో నూనెను పైకి లాగుతుంది, తెల్లటి సుద్ద గోధుమరంగుకు తిరుగుతుంది. దాన్ని దులిపి మళ్లీ పట్టించాలి. సుద్ద తెల్లగానే మిగిలేదాకా ఈ పని సాగింది. ఆసిటోన్ ఆవిరి చాలా తేలికగా అంటుకుంటుంది కనుక ఇది పూర్తిగా ఆరుబయట, పొయ్యికీ దేవుడి దీపానికీ దూరంగా చేయవలసిన పని. పొయ్యి మసి వదిలించే క్షారపు ద్రావణాలతో కట్టెలు కడగమని కొందరు చెబుతారు. క్షారం కొయ్య నారను తినేసి, ఉపరితలాన్ని దూదిలా లేపుతుంది. నా చేతిలోకి వచ్చిన ఏ పాత కట్టె మీదా నేను ఆ పని చేయను.

స్క్రూ రంధ్రాల చుట్టూ నీలంనలుపు మరకలు ఉన్నాయి. అక్రోటులోని వగరు పదార్థం తడిలో ఇనుముతో కలిసి సిరాలా మారడం వల్ల అవి వస్తాయి. ఆక్సాలిక్ ఆమ్లం వాటిని పోగొట్టగలదు, కానీ దాంతోపాటు చుట్టుపక్కల పాత రంగును కూడా పలచబరుస్తుంది. పైగా అది విషం. ఈ మరకలు లోపలి వైపే ఉన్నాయి, కొయ్యకు హాని చేయడం లేదు. వాటిని అలాగే ఉంచాను.

ఉగాది తరువాత

మెడ పగులు అతికించడానికి ఈ రోజుల కోసమే ఎదురుచూశాను. కొయ్య చుట్టూ ఉన్న గాలిని బట్టి తేమను పీల్చుకుంటుంది, వదులుతుంది. గాలిలో తేమ 30 శాతం ఉన్నప్పుడు కొయ్యలో తేమ సుమారు 6 శాతం దగ్గర నిలుస్తుంది, 65 శాతం ఉన్నప్పుడు 12 దగ్గర, 80 శాతం ఉన్నప్పుడు 16 దగ్గర. బెంగళూరు మార్చి, ఏప్రిల్ మధ్యాహ్నాల్లో గాలి బాగా పొడిబారుతుంది, జూన్ దాటాక అదే గాలి బరువెక్కుతుంది. పొడి రోజుల్లో పగులు నోరు తెరుస్తుంది, జిగురు అడుగుదాకా దిగుతుంది. వానల్లో అదే పగులు పైన మూసుకుని, లోపల బోలుగా ఉండిపోతుంది.

జిగురు విషయంలో చాలా ఆలోచించాను. ఎపాక్సీ గట్టిది, ఖాళీలను నింపుతుంది, కానీ ఒకసారి గట్టిపడ్డాక కొయ్యను కోయకుండా తీయడం కష్టం. ఈ కట్టె ఇక ఎప్పుడూ తుపాకీ అదురును మోయవలసిన పని లేదు, దాని బరువు అది మోస్తే చాలు. అందుకే వాద్యాలు మరమ్మతు చేసేవారు వాడే తోలుజిగురు ఎంచుకున్నాను. గింజలను రాత్రంతా చల్లటి నీటిలో నానబెట్టి, మరునాడు వేడినీటి గిన్నెలో పెట్టి 60 డిగ్రీల దగ్గర కరిగించాలి, 70 దాటితే దాని బలం తగ్గుతుంది. వేడి నీళ్లు తగిలితే ఎన్నేళ్ల తరువాతైనా ఇది విడిపోతుంది, నాకు కావలసిన గుణం అదే.

కట్టెను ముందు ఎండలో వెచ్చబెట్టాను, లేకపోతే జిగురు తగిలిన మరుక్షణమే గడ్డకడుతుంది. పగులును సన్నటి వెదురు చీలికతో అతి కొద్దిగా తెరిచి, మందుల దుకాణంలో కొన్న సిరంజితో పలుచటి జిగురు ఎక్కించాను. బొటనవేళ్లతో పగులును నొక్కి వదులుతుంటే అది ఊపిరి పీల్చినట్టు జిగురును లోపలికి లాక్కుంది. తోక స్క్రూ రంధ్రం లోపలి గోడ మీద జిగురు చెమటలా కనిపించినప్పుడు అది అటు చివరిదాకా చేరిందని తెలిసింది. వంపులున్న మెడకు ఇనుప క్లాంపులు సరిగా కూర్చోవు. సైకిలు ట్యూబును పొడవాటి పట్టీలుగా కోసి, గట్టిగా లాగుతూ చుట్టితే అన్ని వైపుల నుంచీ సమానమైన ఒత్తిడి వస్తుంది. పైకి ఉబికిన జిగురును అది ఇంకా బంకగా ఉండగానే గోరువెచ్చని తడిగుడ్డతో తుడిచాను.

పగులు ఇప్పుడు కంటికి కనిపించే గీతే, కానీ వేలికి తగలదు.

ఏప్రిల్

అతుకు ముక్కల కోసం పాత అక్రోటు కావాలి. మైసూరు రోడ్డు వైపున్న కలప అడితీల్లో టేకు, మత్తి, వేప, విదేశీ కలపలు ఎన్నో ఉన్నాయి, అక్రోటు మాత్రం అడిగిన చోటల్లా లేదన్నారు. టేకు పెట్టమని సలహా ఇచ్చినవారూ ఉన్నారు. టేకు మంచి కలపే, కానీ దాని సహజమైన నూనె జిగురుకు అడ్డుపడుతుంది, దాని రంధ్రాల తీరు వేరు, కాలం గడిచేకొద్దీ దాని రంగు మారే దారి కూడా వేరు. చివరికి శివాజీనగరులో పాత సామాను అమ్మే చోట విరిగిన కశ్మీరు బల్ల కాలు ఒకటి దొరికింది. నల్లటి చారలున్న చేవ కలప, చాలా ఏళ్లుగా ఆరినది. తెచ్చిన వెంటనే కోయకుండా, కట్టెలున్న వరండాలోనే వాటి పక్కన ఉంచాను. రెండింటిలోని తేమ ఒక్కటి కాకముందే అతికితే వానాకాలంలో ముక్క ఒకలా, కట్టె ఒకలా ఉబ్బి అతుకు గీత పైకి లేస్తుంది.

మా వీధి చివర హిందూపురం నుంచి వచ్చి స్థిరపడిన వడ్రంగి ఆచారి గారు ఉన్నారు. ముక్క ఎలా కోయాలో చూపించమని అడిగితే, బల్ల కాలును వెలుగుకు తిప్పి తిప్పి చూసి, "రంగు తరువాత కలుపుకోవచ్చు సార్, నార పోయే దారి ముందు కలవాలి, అది కలవకపోతే ఏ రంగు వేసినా అతుకు అరుస్తుంది" అన్నారు. ఆయన చెప్పిన ప్రకారమే, మడమ మూలలో నార ఏ కోణంలో బయటికి వస్తుందో ట్రేసింగ్ కాగితం మీద గీసుకుని, ఆ గీతలు బల్ల కాలు మీద సరిపోయిన చోటే ముక్కను కోశాను.

అతుకు ఆకారం కూడా ముఖ్యమే. చతురస్రంగా తొలిచి చతురస్రపు ముక్క పెడితే రెండు వైపుల కొయ్య అడ్డకోతకు అడ్డకోత ఎదురవుతుంది, అక్కడ జిగురు బలం చాలా తక్కువ, నారకు అడ్డంగా పోయే గీతను కన్ను కూడా వెంటనే పట్టేస్తుంది. రెండు కొసలూ సన్నగా సాగిపోయే పొడవాటి ఆకు ఆకారంలో తొలిస్తే జిగురు దాదాపు అంతా నార వెంబడే పడుతుంది, గీతలు చారల్లో కలిసిపోతాయి. సైనిక ఆయుధాగారాల్లో పనిచేసిన మరమ్మతుకారులు కూడా కట్టెలను ఊరికే పారేయలేదు, అక్రోటు ముక్కలు అతికి, కొయ్య చీలలు దిగగొట్టి మళ్లీ సేవలోకి పంపేవారు. త్రీ నాట్ త్రీ ముందుకట్టెలో అలాంటి పాత అతుకు ఒకటి ఉంది, ఇప్పటికీ చెక్కుచెదరలేదు. దాన్ని నేను ముట్టుకోలేదు, అది కూడా ఆ తుపాకీ చరిత్రలో భాగమే.

కాలిపోయిన లాక్ అంచు దగ్గర కొంతసేపు ఆగాను. అక్కడి నలుపు ఆ తుపాకీ నిజంగా పేలిందనడానికి గుర్తు. దాన్ని మొత్తం తొలిచి కొత్త ముక్క పెట్టడం నాకు ఇష్టం లేదు. సుబేదారు గారిని అడిగితే, "అది దాని గాయం బాబూ, ఉండనీ" అన్నారు. పొడిగా రాలుతున్న పొరను మాత్రం పారాలాయిడ్ బి-72 అనే మ్యూజియం జిగురును ఆసిటోన్‌లో పలుచగా కలిపి, కుంచెతో చుక్కలు చుక్కలుగా ఇంకించి గట్టిపరిచాను. అక్కడ ముక్క పెట్టలేదు.

మడమ మూలకు మాత్రం అతుకు తప్పనిసరి, ఎందుకంటే ఇత్తడి తొడుగు ఆనడానికి అక్కడ కొయ్యే లేదు. తొడుగు లోపలి వంపుకు ముక్క సరిపోవాలి, తొడుగేమో హాలులో ఉంది. ఇంకా అంచులు చెక్కని ముక్కను కట్టెకు అతికించి, హాలుకు తీసుకువెళ్లి, తొడుగు లోపలి వైపు కాటుకను వేలితో పలుచగా పూసి, కట్టెకు ఆనించి నొక్కాను. కాటుక అంటుకున్న చోటే కొయ్య ఎత్తుగా ఉన్నట్టు. ఆ నల్లటి మచ్చలను మాత్రమే పదునైన ఉలితో తేనెటీగ రెక్క మందాన లేపి, మళ్లీ కాటుక పూసి, మళ్లీ ఆనించి, మచ్చలు నాలుగైదు చోట్ల కాక ముఖమంతా పరుచుకునేదాకా అదే పని. బజారు కాటుకలో ఆముదమో నెయ్యో ఉంటుంది కనుక జిగురు పడవలసిన ముఖాల మీద దాన్ని వాడకూడదు. ఇత్తడి ఆనే ముఖం మీద అయితే దాన్ని మించిన పనిముట్టు లేదు.

కడ్డీ గాడి అంచున పెళ్ల పెట్టడం సులువుగానే అయింది. అక్కడ నార తిన్నగా ఉంది.

మే, తొలి వానలు

నొక్కులు లేపడానికి ఆవిరి వాడతారు. కొయ్య పోగులు తెగకుండా అణిగిపోయినప్పుడు, తడిగుడ్డ వేసి ఇస్త్రీపెట్టె మొనను క్షణం ఆనిస్తే, ఆవిరికి పోగులు ఉబ్బి మళ్లీ పైకి వస్తాయి. తెగిన పోగులకు ఇది పనిచేయదు. అయితే ఒక సంగతి చాలామంది మరిచిపోతారు: ముద్ర కూడా అణిచిన నొక్కే. ముద్ర దగ్గర ఆవిరి పెడితే నొక్కుతో పాటు ముద్ర కూడా లేచి మాయమవుతుంది. అందుకని మడమ కుడివైపు ఆవిరి అసలు పెట్టలేదు. ఎడమవైపు లోతైన రెండు మూడు నొక్కులను మాత్రం సగం దాకా లేపి ఆపాను. అల్మరాలో ఇటీవల తగిలిన దెబ్బలేవో, బారకాసుల్లో తగిలినవేవో అంచుల రంగు చూస్తే తెలుస్తుంది, కొత్తవాటి అంచు లేతగా ఉంటుంది. పాతవి అలాగే ఉండాలి.

పుచ్చు రంధ్రాల కింద నల్లటి కాగితం పరిచి ఉంచాను. పిండిలాంటి పొడి కొత్తగా రాలలేదు, కాబట్టి పురుగు ఎప్పుడో పోయింది. లోపల గుల్లబారిన చోట బి-72 ఎక్కించి, రంధ్రాలను పైన తేనెమైనంతో మూసాను. ఇకముందు పొడి కనిపిస్తే అది కొత్త పురుగేనని వెంటనే తెలియడానికి కూడా ఈ మూత పనికొస్తుంది.

జూన్ నుంచి ఆగస్టు దాకా

కొత్త ముక్కలు పాత కట్టెకంటే లేతగా ఉన్నాయి. బ్రిటిష్ తుపాకీ పనివారు అవిసె నూనెలో ఆల్కనెట్ అనే వేరును నానబెట్టి ఎర్రటి నూనె తయారుచేసేవారు. మన మూలికల దుకాణాల్లో రతన్‌జోత్ పేరుతో అమ్మే వేరు కూడా నూనెలో అదే తీరున ఎరుపు దించుతుంది. అవెన్యూ రోడ్డు దగ్గర కొన్న వేరును గానుగ అవిసె నూనెలో వేసి, సీసాను ఎండలో ఉంచితే నూనె దానిమ్మ రంగుకు తిరిగింది. ముక్కల మీద ముందు స్పిరిట్‌లో కరిగే గోధుమ రంగును పలుచగా వేసి, దాని మీద ఈ నూనె పట్టించాను. పక్క నుంచి చూస్తే అతుకు తెలుస్తుంది, రెండు అడుగుల దూరం నుంచి తెలియదు. నాకు అంతకుమించి దాచాలని లేదు.

మొత్తం కట్టెకు పచ్చి అవిసె నూనెనే వాడాను, సైన్యంలో వాడినదీ అదే. ఇది ఆరడం అంటే నీరులా ఆవిరైపోవడం కాదు, గాలిలోని ఆమ్లజనిని పీల్చుకుని గట్టిపడటం. అందువల్ల దట్టంగా పూస్తే పైన తోలు కట్టి లోపల జిగటగా మిగులుతుంది. కొన్ని చుక్కలు అరచేతిలో వేసుకుని, చేతి వేడి పుట్టేదాకా రుద్ది, పావుగంట తరువాత మిగిలినదంతా పొడిగుడ్డతో తుడిచివేయాలి. వానాకాలంలో పూతకీ పూతకీ మధ్య చాలా ఎక్కువ విరామం ఇవ్వవలసి వచ్చింది. నూనె తుడిచిన గుడ్డల గురించి గట్టిగా చెప్పాలి: ఆ గట్టిపడే క్రమంలోనే వేడి పుడుతుంది, గుడ్డలను ముద్దగా చుట్టి మూల పడేస్తే ఆ వేడి బయటికి పోలేక వాటంతటవే అంటుకుంటాయి. మా ఇంట్లో ప్రతి గుడ్డా నీళ్ల బకెట్టులోకి వెళ్లింది, తరువాత తీగ మీద విడివిడిగా ఆరింది.

త్రీ నాట్ త్రీ ముందుకట్టె వెనుక భాగంలో, తుపాకీ అదురును మోసే లోపలి ముఖాలు నూనెకు మెత్తబడి కొద్దిగా అణిగి ఉన్నాయి. పేల్చే తుపాకీ అయితే వాటిని తొలిచి గట్టి కలప పెట్టడం తప్పనిసరి. ఇది ఇక పేలదు కనుక సుద్దతో నూనె లాగిన తరువాత చీలికలు మాత్రమే అతికి వదిలేశాను.

సెప్టెంబరు

హాలులో రెండింటినీ తిరిగి కూర్చాము. విప్పిన వరుసకు సరిగ్గా తలకిందులుగా, ప్రతి స్క్రూనూ ముందు వేళ్లతో తిప్పి, అది తన పాత దారి పట్టుకున్నాకే పనిముట్టు వాడాము. ఎన్‌ఫీల్డ్ గొట్టం గాడిలోకి చేతి ఒత్తిడికే దిగింది. పట్టీల స్క్రూలను గట్టిగా బిగించలేదు, వానాకాలపు తేమకు ఉబ్బి ఉన్న కొయ్యను ఇనుముతో నొక్కితే వేసవిలో అక్కడే నొక్కు మిగులుతుంది.

ఆయుధపూజ గురించి సుబేదారు గారితో కూర్చుని మాట్లాడాను. పసుపు, కుంకుమ, గంధం ఏవైనా నూనె పట్టిన కొయ్యలోకి ఇంకితే ఆ మరక ఇక పోదు, తడి గంధం ఇనుము మీద తుప్పు పట్టిస్తుంది. బొట్లు బీరువా చట్రానికీ, పూలమాల అద్దానికి బయటా ఉండేట్టు ఆయన సంఘంలో అందరినీ ఒప్పించారు. ఏ అతుకు ఎక్కడ ఉందో, ఏ జిగురు, ఏ రంగు, ఏ నూనె వాడానో ఫోటోలతో సహా రాసిన కాగితాన్ని సంఘం ఫైలులో పెట్టాము. బీరువా మేకుల మీద ఆనించి ఉన్న కట్టెల కింద ఇప్పుడు ఉన్ని పట్టీలు వేశాము.

మిగిలింది త్రీ నాట్ త్రీ వెనుక హ్యాండ్‌గార్డు. దాన్ని గొట్టానికి పట్టి ఉంచే ఉక్కు స్ప్రింగు కొక్కేలను రివెట్లతో బిగించారు, ఆ రివెట్ల దగ్గర నుంచి పలుచటి కొయ్య పొడుగునా చీలి ఉంది. ఇప్పుడు అతికితే పగులు లోపలిదాకా జిగురు చేరదు. అది మా వరండాలోనే, గుడ్డలో చుట్టి ఉంది. మార్చి ఎండలు వచ్చాక దాని పని మొదలవుతుంది.